మూడో తరగతిలోనే ఈడు లక్షణాలు

ఎనిమిదేళ్లు నిండకముందే ఆడపిల్లల్లో ఈడు లక్షణాలు కనిపిస్తే డాక్టరుకు చూపించాలన్న సంగతి చాలా ఇళ్లలో తెలియదు. మగపిల్లలకైతే ఈ హద్దు తొమ్మిదేళ్లు. నేను ప్రాథమిక పాఠశాల టీచర్ని. నిరుడు మూడో తరగతి పాప ఒకరు మండుటెండల్లోనూ స్వెట్టర్ విప్పేది కాదు. తల్లిని పిలిచి అడిగితే, ఒక పక్క ఛాతీలో ఉసిరికాయంత గడ్డలా తగిలిందని, నొప్పంటే కొబ్బరినూనె రాసి ఊరుకున్నానని చెప్పింది. "బొద్దుగా ఉంటుంది కదా టీచర్, కొవ్వనుకున్నా" అంది. మన దృష్టంతా మొదటి నెలసరి మీద, ఆ తర్వాత చేసే ఫంక్షన్ మీదే. నిజానికి ఛాతీలో మార్పు మొదలైన రెండు, రెండున్నరేళ్లకు గానీ మామూలుగా నెలసరి రాదు. ఈలోగా పిల్ల గబగబా ఎత్తు పెరుగుతుంటే మురిసిపోతాం. కానీ ఈడు ఇలా తొందరగా మొదలైతే ఎముకల ఎదుగుదల ముందే ఆగిపోయి, చివరికి తోటివాళ్లకంటే పొట్టిగా మిగిలిపోవచ్చు. అందరికీ మందులు అక్కర్లేదు. ఎడమ చేతి ఎక్స్‌రే, రక్తపరీక్షల వంటివి చూసి డాక్టర్లే తేలుస్తారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే బృందం ఎత్తు, బరువు ఎలాగూ చూస్తుంది. ఆ ఎత్తును నిరుటి ఎత్తుతో పోల్చి, తేడా కొట్టొచ్చినట్టున్న పిల్లల తల్లులతో ఏఎన్‌ఎం విడిగా మాట్లాడే ఏర్పాటు చేయాలి. రెండో తరగతి తల్లుల సమావేశంలోనే దీనికో పావుగంట కేటాయించాలి. మగ టీచర్లే ఉన్న బడుల్లో ఆ పని ఆశా కార్యకర్తకు అప్పగించవచ్చు.

— ఒక ఉపాధ్యాయురాలు, గుంటూరు జిల్లా