దేవునికి తెలుసు, మరి పుస్తకం ఏది?

సంపాదకులకు వందనాలు.

క్రైస్తవ సంఘాల్లో కానుకల లెక్కల గురించి ఈ పేజీలో వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. ‘దేవునికి ఇచ్చింది దేవుడే చూసుకుంటాడు, ఆయనకు చెప్పాల్సిన లెక్క మనుషులకెందుకు’ అని ఒక పాఠకుడు రాశారు. ఆయన భక్తిని నేను శంకించను. కానీ పదకొండేళ్లుగా మా సంఘానికి కోశాధికారిగా ఉన్న నాకు ఆ మాట చదివితే సిగ్గేసింది. అదే మాట చాటున నేనూ ఒకసారి దాక్కున్నాను.

మా మందిరంలో వేదిక వెనక ఒక చిన్న గది ఉంది. ఆరాధన అయ్యాక కానుకల సంచి అక్కడి బల్ల మీద బోర్లిస్తాం. నోట్లు ఒక పక్క, చిల్లర ఒక పక్క. కొన్ని నోట్లు నాలుగైదు మడతలు పడి వేలి గోరంత ఉంటాయి. వాటిని విప్పి, అరచేత్తో నొక్కి సాపు చేయాలి. ఎవరు వేశారో తెలియదు. అంత గట్టిగా మడిచినవాళ్లు ఎన్నాళ్లు దాచి తెచ్చారో అనిపిస్తుంది. మొదటి మూడేళ్లు ఆ పని నేనొక్కణ్ణే చేసేవాణ్ణి. నా మీద అంత నమ్మకం. ఆదివారం బ్యాంకు ఉండదు కాబట్టి సంచి మా ఇంటికే వచ్చేది.

ఒక వారం మా అమ్మాయి ఫీజు కట్టడానికి సోమవారమే ఆఖరి రోజు. నా జీతం బుధవారం గానీ పడదు. సంచిలోంచి తీశాను. గురువారం పైసాతో సహా పెట్టేసి మొత్తం బ్యాంకులో కట్టాను. క్యాష్‌బుక్‌లో ఒక్క అంకె తేడా లేదు, ఏ ఆడిటరూ పట్టుకోలేడు. ‘దొంగతనం చేయలేదు కదా, చేబదులు తీసుకున్నాను, దేవునికి తెలుసు’ అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ ఆదివారం ప్రభు బల్ల ఉంది, అంటే యేసును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన. ప్రతి ఒక్కరూ తమను తాము పరీక్షించుకోవాలన్న పౌలు మాట నెల నెలా వింటూనే ఉంటాను. ఆ రోజు మాత్రం గిన్నె నా దగ్గరికి వచ్చేసరికి టెన్షన్‌తో చెయ్యి చాచలేకపోయాను. పక్కాయన నాకు ఒంట్లో బాగాలేదనుకున్నాడు. ఆరాధన అయ్యాక ఇద్దరు పెద్దలకు విషయం చెప్పేశాను. ఒకాయన భుజం తట్టి, “తిరిగి పెట్టేశావు కదయ్యా, పోనీలే, దేవునికి తెలుసు” అన్నారు. రెండో పెద్ద రిటైరైన టీచరమ్మ. ఆవిడ నా భుజం తట్టలేదు. “దేవునికి తెలుసు సరే బాబూ, మాకెందుకు తెలియలేదు? పుస్తకం ఇటివ్వు” అన్నారు. ఆ పూట ఆవిడ మీద నాకు కోపమే వచ్చింది. తర్వాతి వారం నుంచి ఇద్దరం కూర్చుని లెక్కపెడుతున్నాం, ఇద్దరం సంతకం చేస్తున్నాం. రాత్రి నిద్ర పడుతోంది.

తెలుగులో ఎవరినైనా గౌరవించకపోతే ‘లెక్కచేయలేదు’ అంటాం. లెక్కకూ గౌరవానికీ ఉన్న ఈ చుట్టరికం మన భాషకు ఎప్పుడో తెలుసు. మనమేమో భయభక్తుల్ని పాటల్లోకీ మోకాళ్లలోకీ పంపించేసి, లెక్కను ‘లోకసంబంధమైన విషయం’ చేసేశాం.

బైబిల్లో ఎజ్రా ఎనిమిదో అధ్యాయం కోశాధికారులంతా చదవాలి. మందిర కానుకలతో బబులోను నుంచి యెరూషలేముకు బయల్దేరిన యాజకుడు ఎజ్రా. దారిలో శత్రువుల భయం ఉన్నా, రాజును సైనికుల్ని అడగడానికి ఎజ్రాకు సిగ్గేసింది. మా దేవుడే కాపాడతాడని అప్పటికే చెప్పేశాడు మరి. ఉపవాసం ఉండి ప్రార్థించి బయల్దేరాడు. అంత విశ్వాసం ఉన్నవాడు తూనిక మాత్రం మానలేదు! 650 తలాంతుల (అప్పటి పెద్ద తూనిక) వెండి, 100 తలాంతుల బంగారం, పాత్రలు అన్నీ తూచి యాజకులకు అప్పగించాడు. యెరూషలేము చేరాక మూడు రోజులు ఆగి, నాలుగో రోజు మందిరంలో మళ్లీ తూచారు, బరువు రాసుకున్నారు. ఆ మోసినవాళ్లను ‘మీరు యెహోవాకు ప్రతిష్ఠితులు’ అని ఎజ్రాయే అన్నాడు. ప్రతిష్ఠితులు కాబట్టి తూచకుండా వదిలేద్దాం అనలేదు.

దీనికి ఎదురు వచనం ఉందని నాకు తెలుసు, మా కమిటీలోనే నామీద ప్రయోగించారు. యోవాషు రాజు కాలంలో మందిరం బాగుచేయించినవాళ్లు నమ్మకస్తులు కాబట్టి వాళ్లను లెక్క అడగలేదని రెండో రాజుల గ్రంథం 12లో ఉంది. నిజమే. కాస్త పైకి చూడండి. రాజు ఏలుబడిలో 23వ ఏడు వచ్చినా యాజకులు మందిరంలో శిథిలమైన చోట్లు బాగుచేయలేదు, డబ్బు మాత్రం వస్తూనే ఉంది. అప్పుడు యాజకుడు యెహోయాదా ఒక పెట్టెకు మూతలో బెజ్జం పెట్టి బలిపీఠం పక్కన ఉంచాడు. అది నిండినప్పుడల్లా రాజుగారి లేఖికుడూ ప్రధాన యాజకుడూ ఇద్దరూ వచ్చి లెక్కపెట్టేవారు. అంత కట్టుదిట్టం పెట్టెకు జరిగాకే పనివాళ్ల మీద నమ్మకం. మనం ఆ పెట్టెను వదిలేసి చివరి వచనం ఒక్కటే తెచ్చుకున్నాం.

పౌలు కూడా పేద విశ్వాసుల కోసం పోగుచేసిన చందాను ఒంటరిగా మోయలేదు. తన తోటి పనివాడు తీతుతోపాటు సంఘాలు ఏర్పరచిన ఒక సహోదరుణ్ణి, ఇంకొకర్ని పంపాడు. ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలోనూ సరిగ్గా ఉండాలని కొరింథీయులకు కారణమూ రాశాడు. యేసును పట్టించిన యూదా ఇస్కరియోతు దగ్గర డబ్బు సంచి ఉండేదని, అందులోంచి తీసుకునేవాడని యోహాను రాసిన చోట మాత్రం మా కోశాధికారులం తల పైకెత్తలేం.

డబ్బుకి క్యాష్‌బుక్ ఉంది కాబట్టి డబ్బు గురించే ఇంత రాశాను. ఇంట్లో విసురుగా అన్న మాటలకూ, ఆఫీసులో ఊరికే గడిపేసిన గంటలకూ నా దగ్గర పుస్తకం లేదు. వ్యర్థమైన ప్రతి మాటకూ లెక్క చెప్పాలని యేసు అన్న చోట నేను పేజీ తొందరగా తిప్పేస్తాను.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. మొన్న మా సంఘ వార్షిక సమావేశంలో ఒక కుర్రాడు లేచి, మందిర నిర్మాణం నిధి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని మర్యాదగానే అడిగాడు. ఒక పెద్దాయన వెంటనే, “అభిషిక్తుల్ని ప్రశ్నిస్తావా?” అన్నారు. దేవుడు ఏర్పరచుకున్న నాయకుల్ని అని ఆయన ఉద్దేశం. హాలంతా నిశ్శబ్దం. ఆ కుర్రాడు కూర్చున్నాడు. పుస్తకం నా ఒళ్లోనే ఉంది, లెక్క సరిగ్గానే ఉంది, అయినా నేను నోరు తెరవలేదు. పెద్దాయన నొచ్చుకుంటారని ఆగిపోయాను. ప్రవక్త సమూయేలు ముసలితనంలో ‘నేనెవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి గాడిదనైనా పట్టుకున్నానా’ అని ప్రజల్ని తానే అడిగాడు. అది కూడా యెహోవా ఎదుట, ఆయన అభిషిక్తుడైన రాజు ఎదుట. అక్కడ లెక్క చెప్పుకుంటున్నది రాజుకు అభిషేకం చేసినవాడే. ఆ వచనం నాకు ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

గడిచిన ఆదివారం ఆరాధన అయ్యాక ఆ కుర్రాణ్ణి వెనక గదిలోకి పిలిచి, నిర్మాణం పుస్తకం, వోచర్ల ఫైలు ముందు పెట్టాను. ముందు మొహమాటపడ్డాడు. తర్వాత కుర్చీ లాక్కుని గంటసేపు చూశాడు. మూడో పేజీలో కూడిక తప్పు పట్టుకున్నాడు. ఆ పేజీ నేను రాసిందే. ఎర్ర ఇంకుతో దిద్ది, పక్కన ఇద్దరం సంతకాలు పెట్టాం.

ఇట్లు,
ఒక సంఘ కోశాధికారి