మండల వార్త యువత ఫోనుకు చేరాలి

సంపాదకులకు నమస్కారం.

పిల్లలు పత్రిక ముట్టడం లేదని పెద్దలు, పెద్దలు వాట్సాప్‌లో వచ్చినదల్లా నమ్ముతారని పిల్లలు ఒకరినొకరు తప్పుపట్టుకోవడం ఇంటింటా వింటున్నాం. ఈ వాదనలో అసలు నష్టం మరుగున పడుతోంది. సొంత మండలం వార్త ఒక తరానికి దాదాపు అందకుండా పోతోంది.

1989లో ‘ఈనాడు’ జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక, మిగతా పత్రికలూ అదే బాట పట్టి పల్లె సంగతులకు అచ్చులో చోటిచ్చాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడినప్పుడు, ఆ కబురు ఊరూరికీ పాకడంలో పత్రికల పాత్ర ఎంతో ఉంది.

నేటికీ నా వయసువారు పొద్దున్నే ముందుగా తిప్పేది జిల్లా పేజీనే. కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలకు నీరు ఎప్పుడు వదులుతారో, ఏ ఫీడరు పరిధిలో కరెంటు ఉండదో అందులోనే చూసుకుంటాం. డిగ్రీ చదువుతున్న మా మనవడు అదే సమయానికి రీల్స్‌లో దేశదేశాల సంగతులు చూస్తాడు, వాటిపై చక్కగా వాదిస్తాడు కూడా. కానీ మా వీధిలో మంచినీటి పైపులు మారుస్తున్నారని రోడ్డు తవ్వాకే అతనికి తెలిసింది. ఇది బద్ధకం కాదు. లక్షలమంది చూసేదాన్ని, అతను ఇదివరకు చూసినవాటిలాంటిదాన్ని ఫోను అతని ముందుకు తోస్తుంది తప్ప, నాలుగు ఊళ్లకే పనికొచ్చే కాలువ వార్తను పైకి తేదు.

పుకార్లను నమ్మడం వయసును బట్టి ఉంటుందనీ నేను అనుకోను. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ సందేశాలతో మన రెండు రాష్ట్రాల్లోనూ అమాయకులపై దాడులు జరిగాయి. వాటిని పంపినవారిలో, నమ్మినవారిలో అన్ని వయసులవారూ ఉన్నారు.

మీకు నా విన్నపం ఒక్కటే. ఇప్పటి ఈ-పేపరు అచ్చు పేజీకి బొమ్మ మాత్రమే. చిన్న తెరమీద ప్రతి కాలమ్‌నూ పెద్దది చేసి జరుపుకుంటూ చదివే ఓపిక కుర్రవాళ్లకే కాదు, మాకూ లేదు. ప్రతి మండలం వార్తనూ తేదీ, ఊరిపేరుతో విడివిడిగా, ఫోనులో నేరుగా చదువుకునే అక్షరాల రూపంలో ఇవ్వండి. కుటుంబ గ్రూపుల్లోకి రోజూ ఏదో ఒకటి పంపే మా వంటివాళ్లమే వాటిని పిల్లలకు చేరవేస్తాం. నీటి విడుదల, కరెంటు కోతలు, ఉద్యోగ ప్రకటనల వంటివాటినైనా చందాతో నిమిత్తం లేకుండా అందరికీ అందుబాటులో ఉంచాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి