అంబాసిడర్ ఇంజన్‌కి మీరు అమ్మిన క్రోమ్ కిట్ గురించి ఫిర్యాదు

మేనేజర్ గారికి,
కస్టమర్ సేవా విభాగం.

విషయం: 1972 మోడల్ అంబాసిడర్ మార్క్ 2 కోసం మీ దగ్గర చేయించుకున్న టాపెట్ కవర్ (ఇంజన్ పైన ఉండే మూత), ఎయిర్ క్లీనర్‌లలో లోపాలు, డబ్బు వాపసు, జరిగిన నష్టానికి పరిహారం.

అయ్యా,

రాజమహేంద్రవరం నుంచి రాస్తున్నాను. మీ వెబ్‌సైట్‌లో రూ. 18,500 కట్టి క్రోమ్ టాపెట్ కవర్, ఎయిర్ క్లీనర్, డోమ్ నట్లు ఉన్న కిట్ ఆర్డర్ ఇచ్చాను. కవర్ మీద మా నాన్నగారి పేరు చెక్కించమన్నాను, ఈ కారు కొన్నది ఆయనే. పేరు చాలా అందంగా చెక్కారు. కానీ ఆ కవర్ ఇంజన్ మీద పెట్టడానికి పనికిరాదు.

నా కారులో ఉన్న 1489 సీసీ బి సిరీస్ ఇంజన్‌కి ఏ మార్పూ చేయకుండా బిగించుకోవచ్చని మీరు రాశారు. ఆ మాట నమ్మే కొన్నాను. ఈ ఇంజన్‌లో టాపెట్ కవర్‌ని పట్టి ఉంచేవి పైన ఉండే రెండు నట్లే, అంచుల వెంట బోల్టులేమీ ఉండవు. అందుకే కవర్ అంచు చదునుగా ఉండి తీరాలి. అప్పుడే కింద ఉన్న కార్క్ ప్యాకింగ్ చుట్టూతా ఒకేలా నొక్కుకుంటుంది. మీ కవర్‌ని అద్దం పలక మీద పెడితే రెండు చివర్లూ ఆనుతున్నాయి, మధ్యలో సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు ఏ అడ్డూ లేకుండా దూరిపోతోంది. ఫోటో జతచేశాను, చూడండి. నట్లు ఇంకాస్త బిగించమని మీ వాళ్లు ఫోన్‌లో చెప్పారు. బిగిస్తే నట్ల దగ్గర రేకు సొట్టపోయింది తప్ప అంచు కిందికి దిగలేదు.

ఈ ఇంజన్‌లో పెట్రోలు, గాలి కలిపే కార్బొరేటర్, వేడి పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ రెండూ ఒకే పక్కన ఉంటాయి. ఇంజన్ పార్టులు తయారుచేసే మీకు ఇది తెలియకుండా ఉండదు. కవర్ అంచు నుంచి కారిన ఆయిల్ తిన్నగా కాలుతున్న మానిఫోల్డ్ మీద పడింది. గోదావరి బ్రిడ్జి మీద ఉండగా బానెట్ సందుల్లోంచి పొగ వచ్చింది. వెనక సీట్లో మా అమ్మ, పిల్లలు ఉన్నారు. పొగ వస్తున్న చోటికి జానెడు దూరంలో పెట్రోలు ఉన్న కార్బొరేటర్! ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. దీన్ని మీ మెయిల్‌లో "కొద్దిపాటి ఆయిల్ తడి" అని రాశారు. అది చదివాక ఫోన్లు మానేసి ఈ లేఖ రాయాలని నిర్ణయించుకున్నాను.

నన్ను ఎక్కువ భయపెట్టింది కవర్ లోపలి వైపు. మా మేస్త్రీ కవర్ విప్పి తిరగేస్తే లోపల కూడా క్రోమ్ వేసి ఉంది. రాకర్లు (వాల్వులను నొక్కే మీటలు) తగిలిన చోట రెండు గీతలు పడ్డాయి, వాటి పక్కన పూత ఉల్లిపొరలా లేచి ఉంది. వేలితో తాకితే ఊడి వస్తోంది. ఊడిన ముక్కలు ఎక్కడికి పోతాయి? ఆయిల్‌తో పాటు కిందికి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లోకి. అక్కడి నుంచి ఆయిల్ పంపు దాకా. బయట మెరవాల్సిన కవర్‌కి లోపల ప్లేటింగ్ ఎందుకు? లోపలి భాగాన్ని మూసి బయటికి మాత్రమే పూత వేయడం ప్లేటింగ్ పని తెలిసినవాళ్లకి కొత్త విషయం కాదు. రాకర్లు తగిలాయంటే కవర్ ఎత్తు కూడా తప్పే. ఏ ఇంజన్ కవర్ చూసి ఈ అచ్చు తయారుచేశారో నాకు రాతపూర్వకంగా చెప్పండి.

పాత కవర్‌కి ఉన్న గాలి గొట్టం మీ కవర్‌కి లేనే లేదు. ఇంజన్ లోపలి ఆవిరి ఆ గొట్టం గుండా ఎయిర్ క్లీనర్‌లోకి పోవాలి. అది మూసేస్తే లోపల ఒత్తిడి పెరిగి, ఉన్న లీక్ ఇంకా ఎక్కువవుతుంది. మీ ఎయిర్ క్లీనర్‌కీ గొట్టం తగిలించే చోటు లేదు. అంటే ఈ రెండిటినీ గీసినవాళ్లు ఒక్కసారైనా అసలు ఇంజన్ ముందు నిలబడి చూడలేదనే అనుకోవాలి.

నాకు మెరుపంటే ఇష్టం. బానెట్ ఎత్తగానే చూసినవాళ్ల కళ్లు జిగేల్‌మనాలనే ఇంత డబ్బు పెట్టాను. ఇదే బి సిరీస్ ఇంజన్ ఇంగ్లండ్‌లో ఎంజీఏ కారుకీ వచ్చింది. ఎంజీ కార్లవాళ్లు మందపాటి అల్యూమినియం పోత కవర్లు పాలిష్ పెట్టి వాడుకుంటున్నారు. కాబట్టి అందంగానూ, పనికొచ్చేలానూ చేయడం కుదరని పనేమీ కాదు.

మీ టెక్నీషియన్ ఇచ్చిన సలహా గురించి కూడా చెప్పాలి. రాకర్లను మోసే స్టాండ్ల తల కాస్త గ్రైండింగ్ చేయించుకుంటే కవర్ తగలదట. అలంకరణ కోసం కొన్న కవర్ పట్టడానికి యాభై ఏళ్లు దాటిన ఇంజన్‌ని కోయాలా? 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ రావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉండాలి. దానికి దరఖాస్తు పెట్టబోతున్నానని ఆర్డర్ ఇచ్చేటప్పుడే మీకు రాశాను. ఇలాంటి సలహా ఇంకెవరికీ ఇవ్వవద్దని ఆయనకి చెప్పండి.

పేరు చెక్కించుకున్న వస్తువు వాపసు తీసుకోబోమని మీరంటున్నారు. చెక్కిన పేరు గురించి నాకు ఫిర్యాదే లేదు. అంచు వంకర, తప్పు ఎత్తు, ఊడే పూత, లేని గొట్టం, ఇవన్నీ పేరు చెక్కకముందు నుంచీ ఉన్న లోపాలే. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న వస్తువునీ, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువునీ వెనక్కి తీసుకోబోమనే హక్కు అమ్మినవాళ్లకి లేదు.

కిట్‌కి కట్టిన రూ. 18,500 మొత్తం తిరిగి ఇవ్వండి. సంప్ దించి కడిగించినందుకు, కొత్త ఆయిల్, ఫిల్టర్, కార్క్ ప్యాకింగ్‌కి, మేస్త్రీ కూలికి అయిన ఖర్చు కూడా మీరే భరించాలి, బిల్లులు జతచేశాను. మీ వెబ్‌సైట్‌లో "ఏ మార్పూ చేయకుండా" అన్న మాట వెంటనే తీసేయండి. ఇదే కవర్ కొన్న మిగతా అంబాసిడర్ యజమానులకి ఫోన్ చేసి, విప్పి చూసుకోమని చెప్పండి. నా డబ్బు కన్నా ముందు ఈ పని జరగాలి, ఎందుకంటే వాళ్లలో ఎవరో ఒకరు ఈ రోజు కూడా అదే కవర్‌తో బండి తీస్తూ ఉంటారు.

ఈ లేఖ అందిన నెలలోపు పరిష్కారం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళతాను. నేను ఉండే చోటే కేసు వేసుకునే వీలు ఆ చట్టంలో ఉంది.

కవర్‌నీ, ఊడిన క్రోమ్ ముక్కలనీ విడివిడిగా సంచుల్లో పెట్టి ఉంచాను. మీ మనిషిని పంపితే, రసీదు రాయించుకుని అప్పగిస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
రాజమహేంద్రవరం.

జతపరచినవి: ఆర్డర్ బిల్లు, మీ ప్రకటన పేజీ కాపీ, ఫోటోలు, మరమ్మతు బిల్లులు.