తీగ మొత్తం బయటికి వచ్చిందని రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఊపిరి గొట్టం వేసినా, మెడ దగ్గర పెద్ద సిరలోకి సెంట్రల్ లైన్ అనే గొట్టం పెట్టినా లోపల ఒక తీగ సాయం ఉంటుంది. మెత్తటి గొట్టానికి బిగువు, దారి ఇచ్చి బయటికి వచ్చేయడమే దాని పని. గొట్టం సైజు, ఎన్ని సెంటీమీటర్ల దగ్గర కట్టారన్నది కేస్ షీట్‌లో రాస్తారు. తీగ సంగతి మాత్రం చాలాచోట్ల రాయరు. అదీ రాయాలి.

ఊపిరి గొట్టంలో పెట్టే స్టైలెట్ అంటే వంచితే వంచినట్టే నిలిచే లోహపు తీగ, పైన ప్లాస్టిక్ తొడుగు. దాని కొస గొట్టం కొసకు ఒకటి రెండు సెంటీమీటర్ల లోపలే ఆగాలి. బయటికి పొడుచుకొస్తే శ్వాసనాళానికి గాయమే. కఫ్ (గొట్టం కొస దగ్గర గాలితో ఉబ్బే బుడగ) దాకా తిన్నగా ఉంచి, అక్కణ్ణుంచి 35 డిగ్రీలకు మించకుండా వంచాలి. ఇంకా వంచితే కొస శ్వాసనాళం ముందు గోడకు తగిలి ఆగిపోతుంది. ముందుగా పలుచగా జెల్లీ రాయాలి. స్వరతంత్రులు దాటగానే ఒకరు గొట్టాన్ని కదలకుండా పట్టుకుంటే, మరొకరు స్టైలెట్‌ను గొట్టం వంపు వెంటే మెల్లగా తీయాలి. విసురుగా లాగితే తొడుగు గీరుకుని చీలుతుంది. ఆ ముక్క గొట్టంలో ఉండిపోతే గాలికి అడ్డం. ఊపిరితిత్తుల్లోకి జారితే బ్రాంకోస్కోపీ చేసి, అంటే కెమెరా ఉన్న గొట్టాన్ని శ్వాసనాళంలోకి పంపి, తీయాల్సిందే. పలుచని ప్లాస్టిక్ ముక్క ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా. అందుకే తీసిన వెంటనే వెలుతురులో పెట్టి కొస నుంచి పిడి దాకా తొడుగును చూడాలి, వేలితో తడమాలి. దీనికి పది సెకన్లు చాలు.

ప్యాకెట్ మీద 2 అంకెకు అడ్డగీత ఉంటే ఒక్కసారికే అని అర్థం. దాన్ని కడిగి మళ్లీ మళ్లీ వంచితే తొడుగు వంపు దగ్గర నెర్రెలిస్తుంది. ఖర్చు తగ్గించాలంటే ఇది చోటు కాదు.

సూదిలోంచి ముందు తీగ దూర్చి, దాని మీదుగా గొట్టం పంపే గైడ్‌వైర్ పద్ధతి 1953లో సెల్డింగర్ అనే స్వీడన్ రేడియాలజిస్టు చెప్పింది. సెంట్రల్ లైన్ తీగ దాదాపు 60 సెంటీమీటర్లు ఉంటుంది. మెడ నుంచి 20 సెంటీమీటర్లు దాటి తోస్తే గుండెలోకి పోయి లయ తప్పిస్తుంది, మానిటర్ చూస్తూ ఉండాలి. సూదిలోంచి తీగను వెనక్కి లాగితే సూది అంచు కోసేస్తుంది. ఇరుక్కుంటే సూదీ తీగా కలిపే తీయాలి. అన్నిటికన్నా ముఖ్యం, క్యాథెటర్ (రక్తనాళంలో ఉంచే గొట్టం) వెనక నుంచి తీగ తోక బయటపడి, దాన్ని చేత్తో పట్టుకున్నాకే క్యాథెటర్‌ను లోపలికి తోయాలి. ఈ ఒక్క మెట్టు తప్పినప్పుడే తీగ మొత్తం రక్తనాళంలో ఉండిపోతుంది.

ఆహారపు గొట్టంలోని తీగనూ, ఒకసారి బయటికి తీశాక, గొట్టం రోగి ఒంట్లో ఉండగా మళ్లీ దూర్చకూడదు. పక్క రంధ్రంలోంచి బయటికొచ్చి పేగును చీల్చగలదు.

హైదరాబాద్‌లోని ప్రతి ఆసుపత్రీ, సర్కారుదైనా ప్రైవేటుదైనా, కేస్ షీట్‌లో ఒక్క గడి చేర్చాలని మా విన్నపం: 'తీగ తీశాం, మొత్తం ఉంది', పక్కన చూసినవారి సంతకం. విరిగినా చీలినా వైద్య పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేసే, 2015లో మొదలైన భారత మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి తెలియజేయాలి. ఆ ముక్కనూ, బ్యాచ్ నంబరున్న ప్యాకెట్‌నూ చెత్తబుట్టలో పడేయకుండా కవర్లో పెట్టి ఉంచాలి. అవి లేకుండా ఏ బ్యాచ్‌లో లోపముందో తేల్చడం కష్టం.

– అనస్థీషియా టెక్నీషియన్లు, హైదరాబాద్