అమెరికా ఓటుకు రాష్ట్రాల సరిహద్దులెందుకు?

సంపాదకులకు నమస్కారం.

అమెరికా అధ్యక్షుడిని ఎన్నుకునే ఎలక్టోరల్ కాలేజీ పద్ధతిని సమర్థిస్తూ ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. భారత రాష్ట్రపతిని కూడా ప్రజలు నేరుగా ఎన్నుకోవడం లేదు కదా, అమెరికాను మాత్రమే తప్పుపట్టడమెందుకు అన్నది వ్యాసకర్త ప్రధాన వాదన. చాలా ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు రాజనీతిశాస్త్రం చెప్పినవాడిగా ఈ పోలికను నేను అంగీకరించలేకపోతున్నాను. మన రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకు నడుచుకోవలసిన రాజ్యాంగాధినేత. ప్రభుత్వాన్ని నడిపేది లోక్‌సభకు జవాబు చెప్పుకోవలసిన ప్రధానమంత్రి. అమెరికాలో అధ్యక్షుడే ప్రభుత్వం. సైన్యానికి సర్వాధిపతి ఆయనే, మంత్రులను ఎంచుకునేదీ తొలగించేదీ ఆయనే, నాలుగేళ్లపాటు అవిశ్వాస తీర్మానం బెడద కూడా ఆయనకు ఉండదు. అంతటి అధికారం ఒక్కరి చేతిలో పెడుతున్నప్పుడు ఆ వ్యక్తికి దేశంలో ఎక్కువమంది ఓటు వేశారా లేదా అన్న ప్రశ్నను పక్కన పెట్టడం ఎలా కుదురుతుంది? దేశవ్యాప్తంగా పోలైన ఓట్లను బట్టే అక్కడ అధ్యక్షుడు ఎన్నిక కావాలని, అందుకు రాజ్యాంగ సవరణే సరైన దారి అని నా అభిప్రాయం.

పద్ధతి గురించి ముందుగా కొంత చెప్పాలి. అమెరికా పార్లమెంటు దిగువ సభ అయిన ప్రతినిధుల సభలో ఒక రాష్ట్రానికి ఎన్ని స్థానాలుంటే అన్ని, వాటికి తోడు ఎగువ సభ అయిన సెనేట్‌లో స్థానాలు రెండు, వెరసి అంతమంది ఎలక్టర్లు, అంటే అధ్యక్షుడిని ఎన్నుకునే ఓటు వేసేవారు, ఆ రాష్ట్రానికి వస్తారు. 435, 100 కలిసి 535. 1961లో అమల్లోకి వచ్చిన 23వ సవరణ రాజధాని వాషింగ్టన్ డీసీకి ఇచ్చిన ముగ్గురితో 538. అందులో 270 మంది మద్దతు దక్కితే పదవి ఖాయం. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగిలిన 48 రాష్ట్రాల్లోనూ, డీసీలోనూ ఒక్క ఓటు ఆధిక్యంతో గెలిచినా అక్కడి ఎలక్టర్లంతా గెలిచిన పార్టీ వారే అవుతారు. ఈ నియమం అమెరికా రాజ్యాంగంలో ఎక్కడా లేదు. ఎలక్టర్లను ఏ తీరున నియమించాలో రాష్ట్ర శాసనసభలు నిర్ణయించుకోవచ్చని మాత్రమే రెండో అధికరణం చెబుతుంది. తమ పార్టీ బలం చీలిపోకుండా చూసుకోవడానికి ఒక రాష్ట్రాన్ని చూసి మరొకటి ఈ దారి పట్టాయి. రాజ్యాంగ నిర్మాతల దూరదృష్టి అని వ్యాసకర్త కొనియాడినదానిలో సగం ఇలా తర్వాతి కాలపు పార్టీల లెక్కల్లోంచి పుట్టినదే.

ఈ పద్ధతి ఓటరు మనసును ఎలా మారుస్తుందో 2024 అక్టోబరులో దగ్గరగా చూశాను. అప్పుడు నేను కాలిఫోర్నియాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఆమెకూ మా అల్లుడికీ అక్కడి పౌరసత్వం ఉంది. ఓటు పత్రాలు పోస్టులో ఇంటికే వచ్చాయి. అధ్యక్ష పదవి మొదలుకొని స్థానిక పదవుల దాకా అన్నీ వాటిలోనే ఉన్నాయి, వాటికి తోడు ప్రజాభిప్రాయానికి పెట్టిన రాష్ట్రవ్యాప్త ప్రతిపాదనలు పది. భార్యాభర్తలిద్దరూ భోజనాల బల్ల మీద సమాచార పుస్తకం తెరిచి, ఒక్కో ప్రతిపాదనను చదివి, వాదించుకుని మరీ గళ్లు నింపారు. అధ్యక్ష పదవి గడి దగ్గర మాత్రం అర నిమిషం కూడా ఆగలేదు. అదేమిటని అడిగితే, "కాలిఫోర్నియా ఎటు పోతుందో అందరికీ తెలిసిందే కదా నాన్నా, నా ఓటుతో తేడా ఏముంది?" అంది మా అమ్మాయి. పెన్సిల్వేనియాలో ఉన్న ఆమె స్నేహితురాలు ఫోన్ చేస్తే మాత్రం తలుపు తట్టే కార్యకర్తల గురించీ, పోస్టు డబ్బాలో రోజూ కట్టలుగా పడే కరపత్రాల గురించీ గంటసేపు మాట్లాడుకున్నారు. ఇద్దరూ చేసింది ఒకే పౌరసత్వ ప్రమాణం. ఆ ఎన్నికలో పార్టీల డబ్బూ శ్రమా సింహభాగం పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరోలినా, అరిజోనా, నెవాడా అనే ఏడు రాష్ట్రాల మీదే గుమ్మరించారు. తక్కిన నలభై మూడు రాష్ట్రాల ప్రజలు దాదాపుగా ప్రేక్షకులు.

ఎక్కువ ఓట్లు వచ్చినవారు ఓడిపోయిన సందర్భాలు అరుదు అంటున్నారు వ్యాసకర్త. 1824, 1876, 1888, 2000, 2016 అని అయిదు సార్లు జరిగింది. వాటిలో రెండు ఈ శతాబ్దపు తొలి అయిదు అధ్యక్ష ఎన్నికల్లోనే వచ్చాయి (2000ను ఈ శతాబ్దంలో కలపకూడదని పట్టుబట్టేవారితో నాకు పేచీ లేదు). 2016లో హిల్లరీ క్లింటన్‌కు ట్రంప్ కంటే 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా, ఎలక్టోరల్ ఓట్లలో ఆమె 227 దగ్గరే ఆగిపోయారు. 2000లో దేశం మొత్తం మీద అల్ గోర్‌కు అయిదు లక్షలకు పైగా ఆధిక్యం ఉండగా, ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడా జార్జి బుష్‌ను అధ్యక్షుడిని చేసింది. ఆ వివాదం 36 రోజులు నడిచింది. ఓటరు సూదితో పొడిచి చిల్లు పెట్టవలసిన కార్డులవి. కొన్నింటిలో చిల్లు పూర్తిగా పడక కాగితం ముక్క అంచున వేలాడుతూ ఉండిపోయింది. కౌంటీ అధికారులు ఒక్కో కార్డునూ దీపానికి ఎదురుగా పట్టుకుని, వెలుతురు వస్తోందా లేదా అని కళ్లు చికిలించి చూసిన ఫొటోలు నాకింకా గుర్తున్నాయి. చివరికి డిసెంబరు 12న సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో ఆ లెక్కింపు ఆగిపోయింది. పది కోట్లకు పైగా ఓట్లు పోలైన ఎన్నికను వేలాడే కాగితపు ముక్కల దాకా దిగజార్చింది ఓటర్ల అజ్ఞానం కాదు, ఒక రాష్ట్రంలోని స్వల్ప తేడాను దేశం నెత్తిన పెట్టే లెక్కింపు పద్ధతి.

ఇది 2000లోనూ 2016లోనూ ఓడిన డెమోక్రాట్ల ఏడుపు అని కొట్టిపారేసేవారు 2004ను గుర్తు చేసుకోవాలి. అప్పుడు బుష్‌కు దేశంలో 30 లక్షల ఆధిక్యం ఉంది. అయినా ఒక్క ఒహాయోలో అరవై వేలమంది మనసు మార్చుకుని ఉంటే డెమోక్రాట్ అభ్యర్థి జాన్ కెర్రీ అధ్యక్షుడయ్యేవారు. 2020లో బైడెన్‌కు 70 లక్షల ఆధిక్యం. అయితే అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్‌లలో ఆయన మెజారిటీలన్నీ కలిపినా 43 వేలు దాటవు. ఆ మూడూ ట్రంప్ వైపు తిరిగితే ఇద్దరికీ 269 చొప్పున వచ్చి, నిర్ణయం ప్రతినిధుల సభకు వెళ్లేది. అక్కడ రాష్ట్రానికి ఒక ఓటే లెక్క: యాభైకి పైగా ప్రతినిధులున్న కాలిఫోర్నియాకూ ఒకటే, ఒకే ఒక్కరున్న వయోమింగ్‌కూ ఒకటే. 2024లో ట్రంప్ రెండు లెక్కల్లోనూ ముందున్నారు కాబట్టి ఈ చర్చ చల్లబడింది. నిజానికి ఎవరికీ దెబ్బ తగలని ఇలాంటి సమయంలోనే నియమాలు మార్చుకోవడం తేలిక.

ఇక చరిత్ర. అమెరికా రాజ్యాంగం రాయడానికి 1787లో జరిగిన ఫిలడెల్ఫియా సమావేశంలో పెన్సిల్వేనియా ప్రతినిధి జేమ్స్ విల్సన్ అధ్యక్షుడిని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని ప్రతిపాదించారు. జేమ్స్ మాడిసన్ కూడా ఆ పనికి ప్రజలే తగినవారని ఒప్పుకుంటూనే ఒక చిక్కు చెప్పారు: దక్షిణాది రాష్ట్రాల్లో జనాభా ఉన్నా ఓటర్లు తక్కువ, నేరుగా ఎన్నుకుంటే నల్లజాతి బానిసల లెక్కన ఆ రాష్ట్రాలకు దక్కే పలుకుబడి ఏమీ ఉండదని. బానిసలకు ఓటు లేదు. వారిలో అయిదింట మూడు వంతులమందిని మాత్రం జనాభా లెక్కలో కలుపుకుని ప్రతినిధుల సభ స్థానాలు పంచుకున్నారు, ఆ స్థానాలను బట్టి ఎలక్టర్లనూ పంచుకున్నారు. 1790 జనగణన నాటికి వర్జీనియా జనంలో సుమారు అయిదింట రెండు వంతులు బానిసలే. తొలి 36 ఏళ్లలో 32 ఏళ్లు అధ్యక్ష పీఠం మీద వర్జీనియా వారే కూర్చోవడానికి ఇదొక్కటే కారణమని నేను అనను. కానీ సమాఖ్య సమతౌల్యం అనే అందమైన మాట వెనుక ఈ లెక్క కూడా ఉందని పాఠకులకు చెప్పకపోవడం మాత్రం భావ్యం కాదు.

చిన్న రాష్ట్రాలకు రక్షణ అన్నది వ్యాసకర్త రెండో వాదన. 2020 జనగణన ప్రకారం వయోమింగ్‌లో లక్షా 92 వేలమందికి ఒక ఎలక్టర్ ఉంటే, కాలిఫోర్నియాలో 7 లక్షల 30 వేలమందికి ఒకరున్నారు. కాగితం మీద వయోమింగ్ ఓటు విలువ దాదాపు నాలుగు రెట్లు. అలాగని అభ్యర్థులు వయోమింగ్ వెళ్లి ఓట్లు అడుగుతున్నారా? ఫలితం ముందే తెలిసిన చిన్న రాష్ట్రం మొహం ఎవరూ చూడరు. నేరుగా ఎన్నుకుంటే న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ లాంటి మహానగరాలే అధ్యక్షుడిని నిర్ణయిస్తాయన్న భయమూ లెక్కకు నిలబడదు, ఆ రెండు నగరాలూ కలిపితే దేశ జనాభాలో నాలుగు శాతం కూడా కావు. పైగా రాష్ట్రం అంటే ఒకే రంగు అనుకోవడమే పొరపాటు. 2020లో ట్రంప్‌కు అన్నింటికంటే ఎక్కువ ఓట్లు వచ్చిన రాష్ట్రం టెక్సస్ కాదు, కాలిఫోర్నియా. అరవై లక్షలకు పైగా ఓట్లు పడితే ఒక్క ఎలక్టర్ కూడా రాలేదు. టెక్సస్‌లో బైడెన్‌కు పడిన 52 లక్షల ఓట్లకూ అదే గతి. రాష్ట్రాల సమానత్వం కావాలంటే జనాభాతో పనిలేకుండా రాష్ట్రానికి ఇద్దరు చొప్పున కూర్చునే సెనేట్ ఉండనే ఉంది. రాష్ట్రం సమ్మతి లేకుండా ఆ సమానత్వాన్ని తీసేయడానికి వీల్లేదని రాజ్యాంగమే చెబుతోంది.

వ్యాసకర్త లేవనెత్తిన అభ్యంతరాల్లో ఒకటి మాత్రం బరువైనది. 1960లో కెన్నెడీకీ నిక్సన్‌కూ మధ్య తేడా దేశం మొత్తం మీద లక్ష పైచిలుకే. అటువంటి ఫలితం మళ్లీ వస్తే యాభై రాష్ట్రాల్లో ఓట్లు తిరిగి లెక్కించాలా? అవసరమైతే లెక్కించక తప్పదు. ఓటరు నమోదు, గుర్తింపు పత్రాలు, శిక్ష అనుభవించినవారి ఓటు హక్కు, పోస్టు ద్వారా వచ్చే ఓట్ల గడువు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరుగా ఉన్న దేశంలో ఆ పని నరకమే అవుతుంది. అందుకే కేవలం ఓట్లు కూడితే చాలదు, కనీసం అధ్యక్ష ఎన్నిక వరకైనా దేశమంతటికీ ఒకే నిబంధనలు ఉండాలి.

ఇక్కడే 'నేషనల్ పాపులర్ ఓట్' అనే అంతర్రాష్ట్ర ఒప్పందంతో నాకు భేదం వస్తుంది. దేశంలో ఎక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థికే తమ ఎలక్టర్లందరినీ ఇస్తామని రాష్ట్రాలు చట్టం చేసుకుంటాయి. అలా చేరినవాటి బలం 270కి చేరినప్పుడు అది అమల్లోకి వస్తుంది. 2007లో మేరీలాండ్‌తో మొదలై, 2024లో మెయిన్ చేరేనాటికి 17 రాష్ట్రాలు, డీసీ కలిపి 209 ఎలక్టోరల్ ఓట్లయ్యాయి. ఆలోచన తెలివైనదే. అయితే గెలుపుకు కనీస ఓట్ల శాతం అందులో లేదు. రాష్ట్రాల మధ్య ఒప్పందాలకు కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సమ్మతి కావాలన్న రాజ్యాంగ నిబంధన దీనికి వర్తిస్తుందా అన్నది కోర్టు తేల్చవలసిన విషయం. ఎన్నికల వేళ మినహా ఏ రాష్ట్రమైనా బయటికి పోవచ్చు. దేశాధినేత ఎన్నిక అంత పలచటి తాడు మీద వేలాడకూడదు.

సవరణ అసాధ్యం అంటారు. 1968 ఎన్నికలో మూడో పార్టీ అభ్యర్థి జార్జి వాలెస్ 46 ఎలక్టోరల్ ఓట్లు చీల్చుకుపోయి రెండు పార్టీలనూ భయపెట్టాక, 1969 సెప్టెంబరులో ప్రతినిధుల సభ 338-70 ఓట్లతో ప్రత్యక్ష ఎన్నిక సవరణను ఆమోదించింది. ఎవరికీ 40 శాతం రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ ఎన్నిక జరపాలని అందులో ఉంది. ఇవాళ్టికీ నాకు నచ్చే ముసాయిదా అదే. మరుసటి ఏడాది సెనేట్‌లో సాగదీత ప్రసంగాలను ఆపడానికి మూడింట రెండు వంతుల మద్దతు కావలసి ఉండగా 54-36 దగ్గర ఆగిపోయింది. ఎలక్టర్ల పద్ధతినే పాటించిన అర్జెంటీనా 1994 రాజ్యాంగ సంస్కరణతో దాన్ని వదులుకుంది. ఫిన్లాండ్ కూడా అదే ఏడాది తొలిసారి అధ్యక్షుడిని పూర్తిగా ప్రజల ఓటుతో ఎన్నుకుంది.

అమెరికాలోనే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 1913 వరకు సెనేటర్లను ఎన్నుకునే అధికారం రాష్ట్ర శాసనసభలదే. దాన్ని ప్రజలకు అప్పగించిన 17వ సవరణను ఆమోదించినవీ ఆ శాసనసభలే. తమ అధికారాన్ని అవి ఊరికే వదులుకోలేదు. ఒరెగాన్ లాంటి రాష్ట్రాలు ముందుగా ప్రజల ఓటు తీసుకుని, దానికి కట్టుబడతామని శాసనసభ్యుల చేత మాట ఇప్పించుకోవడం మొదలుపెట్టాయి. ఆ మాటకు కట్టుబడి 1909లో ఒరెగాన్‌లో రిపబ్లికన్ల ఆధిక్యం ఉన్న శాసనసభే డెమోక్రాట్ అయిన జార్జి ఛాంబర్లేన్‌ను సెనేట్‌కు పంపవలసి వచ్చింది. మరో నాలుగేళ్లకు సవరణ వచ్చింది. అంతర్రాష్ట్ర ఒప్పందానికి నేను ఇచ్చే విలువ కూడా అంతవరకే: అది గమ్యం కాదు, సవరణ కోసం పెట్టే ఒత్తిడి. ఒరెగాన్ 2019లో ఆ ఒప్పందంలోనూ చేరింది.

భవదీయుడు,
విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు