కొండపల్లి పారా నుంచి నీ పారా దాకా

విజయవాడ

చిరంజీవికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అమ్మ, నేను క్షేమం.

నీ ఉత్తరం అందింది. శిక్షణ ముగిసిన నాటి నుంచి ఆయుధాగారం ముందు రెండేసి గంటలు పారా, అంటే కాపలా, నిలబడడమే పనిగా ఉందనీ, నాలుగేళ్ల అగ్నివీరుడిని రెజిమెంటు సొంత మనిషిగా ఎంచుతుందా అనీ రాశావు. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నీ మద్రాసు రెజిమెంటు చరిత్ర నాకు తెలిసినంతలో చెప్పాలనిపించింది.

మద్రాసు రెజిమెంటు పుట్టుకలోనే కాపలా ఉంది. ఈస్టిండియా కంపెనీ తన గిడ్డంగులకు, కోటలకు కావలిగా పెట్టుకున్న బంట్రోతులను, విడివిడిగా ఉన్న సిపాయి దళాలను కంపెనీ సైన్యాధికారి స్ట్రింగర్ లారెన్స్ క్రమశిక్షణలోకి తెచ్చాడు. 1758లో వాటిని పటాలాలుగా కూర్చారు. భారత సైన్యంలోని అతి పాత పదాతి రెజిమెంటుగా నేడు మనం చెప్పుకునేది దాన్నే. అంతకు రెండేళ్ల ముందు, 1756లో క్లైవు వెంట బెంగాలు వెళ్లిన దక్షిణాది సిపాయిలను చూసిన అక్కడి జనం, ఆ తరువాత చాలాకాలం సిపాయి ఎవరైనా సరే 'తిలంగా' అనే పిలిచారు. మన జాతి పేరే సిపాయికి పేరైందన్న సంగతి నువ్వు తోటివాళ్లకు తప్పక చెప్పాలి.

చిన్నప్పుడు నా భుజాలెక్కి కొండపల్లి కోట చూశావు, గుర్తుందా? 1766లో జనరల్ కయ్యో ఆ కోటను పట్టుకున్నాక కంపెనీ అక్కడ దండును నిలిపింది. రెడ్డిరాజుల నాటి గోడల మధ్య ఇంగ్లీషువాళ్ల బారకాసులు (సిపాయిల వసతి గదులు), వాటికి దగ్గరలో సమాధులు నేటికీ కనిపిస్తాయి. అక్కడ పారా కాసిన సిపాయి చేసిన పని నువ్వు చేస్తున్నదే: తలుపు తీసి ఉందా, మూసి ఉందా, వచ్చేవాడు ఎవడు, గుర్తుమాట చెప్పాడా. యుద్ధాలన్నీ పుస్తకాలకెక్కాయి కానీ, ఏళ్ల తరబడి ఏమీ జరగని ఆ రాత్రులను ఎవరూ రాసిపెట్టలేదు. దండు అక్కడ ఉన్నందువల్ల ఏమీ జరగలేదన్న సంగతి లెక్కలోకి ఎలా వస్తుంది? చివరకు ఇంత సైన్యాన్ని పోషించడం ఖర్చుతో కూడిన పని అని 1859లో ఆ దండును ఎత్తివేశారు.

ఖర్చు లెక్క మీ రెజిమెంటును ఇంకోసారి కూడా తాకింది. యుద్ధవీర జాతులు వేరే ఉన్నాయనే సిద్ధాంతం పట్టుకుని, 1880ల నాటి మద్రాసు సైన్యాధిపతి రాబర్ట్స్ వంటివారు దక్షిణాది సిపాయిని చిన్నచూపు చూశారు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత పొదుపు పేరుతో 1928 నాటికి పదాతి పటాలాలన్నిటినీ రద్దు చేశారు. 1941లో మరో యుద్ధం మీదపడ్డాక మళ్లీ నిలబెట్టారు. నూట డెబ్బై ఏళ్ల పటాలాన్ని ఒక సంతకంతో తీసేశారంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఇంకొక సంగతి ఉంది, దాచడం నాకిష్టం లేదు. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో, హైదరాలీ మీద యుద్ధానికి మద్రాసు వెళ్లేందుకు ఓడ ఎక్కమన్నప్పుడు సర్కారు జిల్లాల సిపాయిలు తిరగబడి అధికారులను కాల్చారు. ఆ హత్యలను నేను సమర్థించను. కానీ ఆలుబిడ్డలను వదిలి సముద్రం మీద పొమ్మన్నప్పుడు సొంత సీమలో కావలి కాసే మనిషికి కలిగిన భయం నాకు అర్థమవుతుంది. నిన్ను రైలెక్కించిన రోజు మీ అమ్మ ముఖం చూసినవాణ్ని కదా.

నాలుగేళ్ల తరువాత మీలో నాలుగోవంతు మందిని మించి ఉంచుకోరని, మిగతావారికి సేవానిధి పేరిట ఒకేసారి సొమ్ము ఇచ్చి పంపుతారని ఇంట్లో అందరికీ తెలుసు. నువ్వు ఉంటావో వస్తావో ఇప్పుడే ఆలోచించకు. 'స్వధర్మే నిధనం శ్రేయః' అన్న మీ ధ్యేయవాక్యం కింద నిలబడి ఒక్క రాత్రి పారా కాసినా నువ్వు ఆ వరుసలోని వాడివే. చిన్న పుస్తకం ఒకటి కొనుక్కుని, పారా దిగాక ఏ రోజు ఎక్కడ నిలబడ్డావో, ఎవరు నీ స్థానంలోకి వచ్చారో రెండు వాక్యాలు రాసిపెట్టు. కొండపల్లి సిపాయి అలా రాసి ఉంటే ఈ ఉత్తరంలో అతని మాటలే పెట్టేవాణ్ని.

సెలవు ఖాయం కాగానే తెలియజేయి. ఈసారి కోటకు నేను నీ వెనక నడుస్తాను. ఆ బారకాసుల్లో పారా ఎక్కడ నిలబెట్టి ఉంటారో నువ్వే చూసి చెప్పాలి.

ఇట్లు,
నాన్న