స్లోలో నిలబడని నా కామరోను నిలబెట్టినవారికి కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ప్రెస్టన్ రోడ్డు మీద ఎర్రలైటు పడితే కారు ఆపాను. క్లచ్ తొక్కి, గేరు తీసి, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు 850 దగ్గర సన్నగా వణుకుతూ నిలిచింది. పచ్చలైటు పడేవరకూ ఇంజను ఆగలేదు. ఈ ఒక్క నిమిషం కోసం జూన్ నుంచి నేనూ, నాతోపాటు మరికొందరూ పడిన శ్రమ గుర్తుకొచ్చి గొంతు పట్టేసింది. వారికి ఇంట్లోనూ ఫోనులోనూ ధన్యవాదాలు చెప్పుకున్నాను. అది చాలదనిపించింది. నలుగురి ముందూ చెప్పాలని ఇది రాస్తున్నాను.

కారు 2002 నాటి షెవ్రొలే కామరో జెడ్28. ఎనిమిది సిలిండర్ల 5.7 లీటర్ల ఎల్ఎస్1 ఇంజను, ఆరు గేర్లు. ఆ ఏడాదే క్యుబెక్‌లోని సెయింట్ థెరీస్ ఫ్యాక్టరీ మూతపడి కామరో తయారీ ఆగిపోయింది. మళ్లీ 2010 మోడల్‌గా వచ్చింది గానీ, నా మనసు మాత్రం ఆ పాత రూపం దగ్గరే ఉండిపోయింది. అమెరికా వచ్చిన కొత్తలో బస్సు కోసం నిలబడి రోజూ చూసిన కారు అది. తొమ్మిదేళ్ల క్రితం కొన్నాను. అప్పటి నుంచి దాని పనులన్నీ నా చేతులతో నేనే చేసుకుంటున్నాను.

ఈ వేసవిలో కామ్ షాఫ్టు మార్చాను. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంత ఎత్తు లేవాలి, ఎంతసేపు తెరిచి ఉండాలి అన్నది నిర్ణయించేది ఆ కడ్డీయే. నేను వేసినది గాలి లోపలికి వచ్చే వాల్వునూ పొగ బయటికి పోయే వాల్వునూ 224 డిగ్రీలపాటు తెరిచి ఉంచేది, వాటిని తోసే ఉబ్బుల (లోబుల) మధ్య ఎడం 112 డిగ్రీలు. దానికి తగ్గట్టు వాల్వు స్ప్రింగులు, పుష్ రాడ్లు, టైమింగ్ చైను కొత్తవి వేశాను. పనిలో పనిగా సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డు కూడా మార్చాను. ఎంత పెట్రోలు పోయాలో, స్పార్కు ఎప్పుడు ఇవ్వాలో చెప్పే అంకెల పట్టికను ట్యూన్ అంటారు; ఒక దుకాణంలో కొన్న రెడీమేడ్ ట్యూన్‌ను కారు కంప్యూటరులోకి ఎక్కించి తాళం తిప్పాను.

ఇంజను స్టార్ట్ అయింది, కానీ స్లోలో, అంటే యాక్సిలరేటరు తొక్కకుండా ఉన్నప్పుడు, నిలబడలేదు. ముల్లు 500కు జారేది, ఉలిక్కిపడినట్టు 1100కు ఎగిరేది, మళ్లీ జారేది. నాలుగైదుసార్లు అలా ఊగి ఆగిపోయేది. గరాజులో పెట్రోలు వాసనకు కళ్లు మండేవి. అన్నిటికన్నా భయపెట్టింది రోడ్డు మీద జరిగినది. సందు మలుపులో క్లచ్ తొక్కగానే ఇంజను ఆగింది, దానితోపాటే స్టీరింగ్ బండరాయిలా బిగిసింది. వెనుక సీటులో మా పాప ఉంది. ఆ రోజు నుంచి నా భార్య ఆ కారు ఎక్కలేదు. నేనూ ఎక్కమనలేదు.

అడిగిన చోటల్లా ఒకే సమాధానం వచ్చింది. వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే పెద్ద కామ్ వేస్తే అలాగే ఉంటుంది, అలవాటు పడాలి అన్నారు. అలవాటు పడటానికి నాకు మనసొప్పలేదు.

అలాంటి సమయంలో ఒక ఆదివారం భోజనాల దగ్గర నా స్నేహితుడి మామగారు కలిశారు. నేను ఆయనను బాబాయిగారు అంటాను. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు ఇంజన్ల పని చేసి, ఆరు నెలలు కూతురి దగ్గర ఉందామని వచ్చినవారు. అరిటాకు ముందు నుంచి లేచి చేయి కడుక్కుంటూ, "బాబూ, మీ బండి స్లోలో నిలబడటం లేదని అల్లుడు చెప్పాడు. మీకు అభ్యంతరం లేకపోతే ఒకసారి వింటాను" అన్నారు. చూస్తాను అనలేదు, వింటాను అన్నారు. ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు.

మరునాడు పొద్దున్నే వచ్చి, నేను ఇంజను స్టార్ట్ చేశాక చేతులు వెనక్కి కట్టుకుని పది నిమిషాలు నిలబడ్డారు. ఏదీ ముట్టుకోలేదు. సైలెన్సరు వెనుక ఒకసారి, బానెట్ ముందు ఒకసారి తల వంచి విన్నారు. తరువాత అన్న మాట నేను గరాజు గోడ మీద రాసి పెట్టుకున్నాను. "కామ్ గుణం వేరు బాబూ, జబ్బు వేరు. గుణమైతే ఎంత గట్టిగా కొట్టినా ఒకే లయలో కొడుతుంది. ఇది లయ తప్పుతోంది."

ఎల్ఎస్1 ఇంజనును ఆయన అంతకుముందు చూడలేదు. అంబాసిడర్లు, పద్మినులు, జీపులు ఆయనకు తెలిసినవి. అయినా వరుస తప్పలేదు. ముందు టైమింగ్ చుక్కకు చుక్క కలిసిందా అని అడిగారు. చైను ఎక్కించేటప్పుడు తీసిన ఫోటో చూపించాను. కళ్లజోడు నుదుటి మీదకు నెట్టి, ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి, క్రాంక్ పళ్లచక్రం మీది చుక్క పన్నెండు గంటల చోట, కామ్ చక్రం మీది చుక్క ఆరు గంటల చోట ఎదురెదురుగా ఉన్నాయని చూసి తల ఊపారు. తరువాత కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండరు గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో, చూడమన్నారు. ఎనిమిది సిలిండర్లూ దాదాపు ఒకే అంకె చూపించాయి. అంటే లోపలి పని బాగానే జరిగింది. నాకు అంత ధైర్యం ఆ వేసవిలో అదే మొదటిసారి.

అప్పుడు ఇంజను గాలిని ఎంత బలంగా పీలుస్తోందో కొలిచే వాక్యూమ్ గేజీ అడిగారు. నా దగ్గర లేదు. ఇరవై ముప్ఫై డాలర్లలో దొరికే ఆ పరికరం లేకుండా వేల డాలర్ల పనికి దిగానని ఆయన ఒక్క మాట అనలేదు. పక్కింటి పెద్దాయన దగ్గర దొరికింది. మానిఫోల్డుకు తగిలించి చూస్తే ముల్లు 9 అంగుళాల (పాదరసం కొలత) దగ్గర కొట్టుకుంటోంది. కామ్ మార్చకముందు ఇలాంటి ఇంజను 18కి పైనే చూపుతుంది.

ఇలా ఎందుకు తగ్గుతుందో ఆయన చెప్పినంత తేటగా నాకు ఇంకెవరూ చెప్పలేదు. పొగ బయటికి పోయే వాల్వు మూసుకోకముందే గాలి లోపలికి వచ్చే వాల్వు తెరుచుకుంటే, కాసేపు రెండు తలుపులూ తెరిచి ఉన్నట్టే. ఇంజను వేగంగా తిరిగేటప్పుడు గాలి విసురుగా వెళ్తుంది కాబట్టి అది మేలే చేస్తుంది. స్లోలో గాలికి ఆ విసురు ఉండదు. కాలిన పొగ కొంత వెనక్కి తిరిగి మానిఫోల్డులోకి వస్తుంది, కొత్త గాలిలో కలుస్తుంది, మంట బలహీనపడుతుంది, వాక్యూమ్ పడిపోతుంది. నా కామ్‌కు 0.050 అంగుళాల ఎత్తు దగ్గర లెక్క వేస్తే ఒక వాల్వు మూసుకునే క్షణమూ ఇంకొకటి తెరుచుకునే క్షణమూ సరిగ్గా ఒకటే అవుతాయి. అంతకన్నా తక్కువ ఎత్తులో రెండూ కలిసి తెరిచి ఉండే సమయం చాలానే ఉంటుంది. "ఇంత కామ్‌కు 13, 14 ఉండాలి. 9 ఉంది. మిగతా నాలుగు ఎక్కడికి పోయాయో వెతుకుదాం" అన్నారు.

అర గజం రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసను మానిఫోల్డు అంచు వెంబడి అంగుళం అంగుళం జరుపుతూ వెళ్లారు. ఈ కారులో ఇంజను వెనుక భాగం అద్దం కిందికి దూరి ఉంటుంది, కంటికి ఆనదు. డ్రైవరు వైపు చివరన, ఏడో సిలిండరు దగ్గర గొట్టం ఆగింది. నా చెవికి అందించారు. ఇంజను హోరులో సన్నగా, పాలు పొంగబోయే ముందు గిన్నె చేసే శబ్దంలాంటి ఈల. గాలి పీలుస్తోంది.

పక్కింటి పెద్దాయన విమానాల మెకానిక్కుగా రిటైరైనవారు. పొగ వదిలి లీకులు పట్టే యంత్రం ఆయనది. మానిఫోల్డులోకి పొగ వదలగానే అదే చోట తెల్లటి దారం పైకి లేచింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. బాబాయిగారికి ఇంగ్లీషు రాదు, పక్కింటి ఆయనకు తెలుగు రాదు. ఆ తరువాత రెండు రోజులు వారు చేతులతోనే మాట్లాడుకున్నారు, నేను మధ్యలో అనువదించవలసిన అవసరం పెద్దగా రాలేదు.

మానిఫోల్డు ఊడదీస్తే సంగతి తేలింది. ఏడో పోర్టు చుట్టూ ఉండే రబ్బరు ప్యాకింగ్ గాడిలో నుంచి జారి, నలిగి, ఒక అంచున చిన్న చీలిక పడింది. బాబాయిగారు దానిని అరచేతిలో పెట్టి నాకు చూపించారు. చిటికెన వేలి గోరంత చీలిక. నేను మానిఫోల్డును పైనుంచి నేరుగా దించకుండా వెనక్కి జరుపుతూ దించినప్పుడు అయినది అది. కొత్త ప్యాకింగులు వేసి, బోల్టులను మధ్య నుంచి అంచులకు, మొదటి విడత 5, రెండో విడత 10 న్యూటన్ మీటర్ల బిగువుకు తెచ్చాము. అంత చిన్న బిగువును కొలిచే పానా కూడా పక్కింటి ఆయనదే. ఆగస్టు ఎండలో గరాజు నిప్పుల కొలిమిలా ఉంటే ఆయన తన పెద్ద ఫ్యానును మా ఇంటికి దొర్లించుకుంటూ తెచ్చారు.

ముల్లు 13కు వచ్చింది. లయ వచ్చింది. ఊగడం సగానికి తగ్గింది. కానీ సిగ్నల్ దగ్గర ఆగేటప్పుడు ఇంకా చచ్చిపోయేది, వాసన పోలేదు. "ఇక్కడి నుంచి నాకు తెలిసిన విద్య కాదు. కంప్యూటరు తెలిసినవారిని పట్టుకోండి" అన్నారు బాబాయిగారు. తనకు తెలిసినది ఎక్కడ ఆగిందో అంత తేలికగా చెప్పగలిగిన మనిషిని నేను ఎక్కువగా చూడలేదు.

ఆ విద్య తెలిసినది హ్యూస్టన్‌లో ఉండే ఒక చెల్లెలు. వరంగల్ అమ్మాయి, ఇంజన్ల కంప్యూటర్లకు అంకెలు అమర్చడమే ఉద్యోగం. స్నేహితుల ద్వారా పరిచయం, ముఖాముఖి ఇప్పటికీ కలవలేదు. రాత్రి పిల్లాడిని నిద్రపుచ్చాక, కారు కంప్యూటరు నుంచి తీసి నేను పంపిన అంకెల రికార్డింగులు తెరిచి చూసేది. మొదటి రాత్రే చెప్పింది: "అన్నయ్యా, ఆ రెడీమేడ్ ట్యూన్ మీ ఇంజను కోసం రాసినది కాదు. మొదటి నుంచి మొదలుపెడదాం."

యాక్సిలరేటరు తొక్కితే తెరుచుకునే గాలి తలుపు థ్రాటిల్. అది మూసి ఉన్నప్పుడు ఇంజనుకు గాలి అందించే చిన్న మోటారు వాల్వు ఒకటి ఉంటుంది. పెద్ద కామ్‌కు స్లోలో ఎక్కువ గాలి కావాలి, ఆ వాల్వు అప్పటికే చాలా దూరం తెరుచుకుని ఉంది. వేగం పడిపోయినప్పుడు అందుకోవడానికి దానికి మిగిలిన చోటు చాలలేదు. థ్రాటిల్ రేకులో కంపెనీ పెట్టిన చిన్న రంధ్రాన్ని కొంచెం పెద్దది చేయమంది. ఒక్కసారిగా వద్దు, ప్రతిసారీ ఒక్కో సైజు పెద్ద డ్రిల్లుతో, మధ్యమధ్య రికార్డింగ్ తీసి పంపుతూ చేయమంది. మూడోసారికి ఆ వాల్వు అంకె 190 నుంచి 60కి దిగింది.

వాసన సంగతి ఆమె చెప్పాకే అర్థమైంది. రెండు తలుపులూ తెరిచి ఉన్న ఆ కాసేపట్లో కాలని గాలి కొంత నేరుగా పొగగొట్టంలోకి వెళ్తుంది. అక్కడి ఆక్సిజన్ సెన్సర్ ఆ గాలిని చూసి పెట్రోలు తక్కువైందని చెబుతుంది, కంప్యూటరు నమ్మి ఇంకా పోస్తుంది. మిస్సింగ్ వచ్చినకొద్దీ గాలి మరింత వెళ్తుంది, పెట్రోలు మరింత పోస్తుంది. స్లోలో మాత్రం ఆ సెన్సర్ మాట పక్కన పెట్టి, మానిఫోల్డు ఒత్తిడి (అది తగ్గితే వాక్యూమ్ పెరిగినట్టే) అన్నిటికన్నా తక్కువగా ఎక్కడ నిలుస్తుందో చూస్తూ పెట్రోలును మెల్లగా తగ్గించింది. లీకు ఉన్న రోజుల్లో 68 కిలోపాస్కల్స్ ఉన్న ఒత్తిడి చివరికి 52కు వచ్చింది. వేగాన్ని 850కి పెట్టింది. వేగం జారినప్పుడు స్పార్కును ముందుకు జరిపి లాగే అంకెలు మరీ మొరటుగా ఉన్నాయని, అందుకే ఇంజను ఉయ్యాలలా ఊగుతోందని, వాటిని సగం చేసింది. పదకొండు రాత్రులు పట్టింది. డబ్బు పంపుతానంటే, "బాబాయిగారు ప్యాకింగ్ పట్టుకోకపోతే నేను ఎన్ని అంకెలు మార్చినా నిలిచేది కాదు, ఆయనకు చెప్పండి థ్యాంక్స్" అంది. ఆయనకు చెప్పాను. ఇప్పుడు నీకూ చెబుతున్నాను తల్లీ, ఆ పదకొండు రాత్రులకూ.

నా భార్యకు కూడా ఇక్కడే చెప్పాలి. రికార్డింగుల కోసం డ్రైవరు సీటులో కూర్చుని, నేను చెయ్యి ఎత్తినప్పుడల్లా యాక్సిలరేటరు తొక్కింది ఆమే. ఎక్కనన్న కారులో, భయం పోకముందే, ఆ ఎండలో కూర్చుంది.

కామ్ వేసి ఇబ్బంది పడుతున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే నా మనవి ఒకటే. ట్యూన్ ముట్టుకునే ముందు వాక్యూమ్ గేజీ పెట్టి చూడండి. లీకు మీద ట్యూన్ రాస్తే లీకుకే ట్యూన్ చేసినట్టు అవుతుంది. నేను రెండు నెలలు చేసింది అదే.

బాబాయిగారు నిన్న ఫోను తెచ్చి సైలెన్సరు దగ్గర పట్టుకుని, ఆ దడదడను రెండు నిమిషాలు రికార్డు చేసుకున్నారు. ఆటోనగర్‌లో తన దగ్గర పని నేర్చుకున్న కుర్రవాళ్లకు వినిపించాలట. వచ్చే శుక్రవారం రాత్రి ఆయన విమానం. సూట్‌కేసులు నా కారులో పట్టవు, అవి అల్లుడి కారులో వస్తాయి. బాబాయిగారు మాత్రం నా పక్క సీటులో వస్తున్నారు.